పాఠం 14: అధిక దక్షత గల విద్యుత్ మోటార్లు – శక్తి ఆదా

14.1 పరిచయం

గత పాఠంలో విద్యుత్ మోటారు ఎలా తిరుగుతుందో తెలుసుకున్నారు. ఈ పాఠంలో అది తిరగడానికి ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చును ఎలా తగ్గించవచ్చో తెలుసుకుంటారు.

ఒకసారి మీ ఊళ్లో మోటార్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుచేసుకోండి. బియ్యం మిల్లు, పిండి మర, రంపపు మిల్లు, ఐస్ ఫ్యాక్టరీ, మంచినీటి పంపుహౌస్, ఆసుపత్రి, హోటల్ – వీటిలో మోటారు లేనిది ఏదైనా ఉందా? ప్రపంచంలో వాడే మొత్తం విద్యుత్తులో సుమారు 45 శాతం మోటార్లు నడిపే యంత్రాలకే పోతున్నదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2011లో అంచనా వేసింది. మనకు దీపాలు కళ్లకు కనిపిస్తాయి కాబట్టి వాటిని ఆర్పుతాం. మోటారు మూలన ఉండి తిరుగుతుంది కాబట్టి దాని సంగతి మరచిపోతాం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- మోటారు దక్షత అంటే ఏమిటో చెప్పగలుగుతారు;
- మోటారులో శక్తి ఏయే విధాలుగా నష్టమవుతుందో వివరించగలుగుతారు;
- అధిక దక్షత మోటారు వల్ల ఏడాదికి ఎన్ని యూనిట్లు మిగులుతాయో లెక్కకట్టగలుగుతారు;
- కాలిపోయిన మోటారుకు రివైండింగ్ చేయించాలా, కొత్తది కొనాలా అన్నది నిర్ణయించగలుగుతారు.

14.3 రంగత్‌లో ఒక యూనిట్ వెనుక ఏముంది?

రంగత్ మధ్య అండమాన్‌లోని పట్టణం. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలో ఉంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్నవారికి విద్యుత్తు దేశమంతటా అల్లుకున్న గ్రిడ్ నుంచి వస్తుంది. ఒక కేంద్రం ఆగితే మరొక కేంద్రం ఆదుకుంటుంది. అండమాన్ దీవులకు ఆ గ్రిడ్‌తో సంబంధం లేదు. మధ్యలో సముద్రం ఉంది. అందువల్ల దీవులకు కావలసిన విద్యుత్తును దీవులలోనే తయారుచేసుకోవాలి.

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ నదిపై 5.25 మెగావాట్ల చిన్న జల విద్యుత్ కేంద్రం 2001 నుంచి పనిచేస్తోంది. దక్షిణ అండమాన్‌లో సౌర విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. అయినా దీవులలో ఇప్పటికీ ప్రధాన ఆధారం డీజిల్ జనరేటర్లే. ఆ డీజిల్ ఓడల మీద రావాలి. వాతావరణం బాగా లేకపోతే ఓడ ఆలస్యమవుతుంది.

మంచి డీజిల్ జనరేటర్ ఒక లీటరు నూనెతో ఇంచుమించు మూడున్నర నుంచి నాలుగు యూనిట్ల విద్యుత్తును ఇస్తుంది. తీగల్లో కొంత నష్టమై మిగిలినది మన మీటరుకు చేరుతుంది. ఇలా తయారైన యూనిట్‌కు అయ్యే ఖర్చు, మనం బిల్లులో కట్టే ధర కంటే చాలా ఎక్కువ. ఆ తేడాను ప్రభుత్వం భరిస్తుంది. అంటే రంగత్‌లో ఒక యూనిట్ ఆదా చేస్తే మన జేబుకూ, ప్రజాధనానికీ, దీవిలోని డీజిల్ నిల్వకూ మేలు జరుగుతుంది.

14.4 దక్షత, నష్టాలు

మోటారు తీగల ద్వారా విద్యుత్తును తీసుకుంటుంది. షాఫ్టు ద్వారా పనిని ఇస్తుంది. తీసుకున్నదంతా పనిగా మారదు. కొంత వేడిగా పోతుంది. నడుస్తున్న మోటారు ఒంటిమీద చెయ్యి వేస్తే తగిలే వేడి మనం డబ్బు కట్టిన విద్యుత్తే!

తీసుకున్న శక్తిలో ఎన్నో వంతు పనిగా మారిందో తెలిపే సంఖ్యను దక్షత అంటారు.

దక్షత = (మోటారు ఇచ్చిన శక్తి ÷ మోటారు తీసుకున్న శక్తి) × 100

నష్టాలు ఐదు రకాలు.

1. *స్టేటర్ రాగి నష్టం:* స్టేటర్ చుట్టల్లో కరెంటు ప్రవహించినప్పుడు రాగి తీగ వేడెక్కుతుంది. సాధారణంగా అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే.
2. *రోటర్ నష్టం:* రోటర్ కడ్డీలలో ప్రవహించే కరెంటు వల్ల కలుగుతుంది.
3. *ఇనుప నష్టం:* అయస్కాంత క్షేత్రం మారుతున్నకొద్దీ లోపలి ఉక్కు రేకులు వేడెక్కుతాయి.
4. *రాపిడి, గాలి నష్టం:* బేరింగుల రాపిడికీ, మోటారు వెనుక ఉన్న ఫ్యాను తిరగడానికీ అయ్యే ఖర్చు.
5. *ఇతర నష్టాలు:* అయస్కాంత క్షేత్రం సమంగా లేకపోవడం వంటి కారణాల వల్ల కలిగేవి.

మొదటి రెండూ మోటారు మీద బరువు పెరిగినకొద్దీ పెరుగుతాయి. మూడవదీ నాలుగవదీ బరువు ఉన్నా లేకపోయినా దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే ఖాళీగా తిరిగే మోటారు కూడా విద్యుత్తును తింటూనే ఉంటుంది.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 14.1

1. ఒక మోటారు 10 కిలోవాట్లు తీసుకొని 8.8 కిలోవాట్ల పని ఇచ్చింది. దాని దక్షత ఎంత?
2. ఖాళీగా తిరిగే మోటారులో కూడా ఉండే రెండు నష్టాలు ఏవి?

14.5 దక్షతను ఎలా పెంచుతారు?

అధిక దక్షత మోటారులో మంత్రమేమీ లేదు. ఉండేది ఎక్కువ సరుకు, మంచి సరుకు, శ్రద్ధగల పనితనం. స్టేటర్‌లో లావైన రాగి తీగ వాడతారు. కరెంటుకు అడ్డంకి తగ్గుతుంది. పలుచని, మేలురకం సిలికాన్ ఉక్కు రేకులు వాడతారు. ఇనుప నష్టం తగ్గుతుంది. లోపల వేడి తక్కువగా పుడుతుంది కాబట్టి వెనుక ఫ్యాను చిన్నదైనా సరిపోతుంది. మంచి బేరింగులు వేస్తారు. ఇన్ని చేయడం వల్ల మోటారు కాస్త బరువెక్కుతుంది, ధర పెరుగుతుంది.

మోటార్లను దక్షతనుబట్టి తరగతులుగా విభజించే అంతర్జాతీయ ప్రమాణం 2008లో వచ్చింది. ఐ.ఇ.1 మామూలు తరగతి. ఐ.ఇ.2 దానికంటే మెరుగు. ఐ.ఇ.3, ఐ.ఇ.4 ఇంకా మెరుగు. మన దేశంలో ఐ.ఎస్. 12615 అనే భారతీయ ప్రమాణం 2011 సవరణలో ఈ తరగతులనే స్వీకరించింది. అమెరికా 1992లో చేసిన చట్టం ద్వారా 1997 నుంచి తక్కువ దక్షత మోటార్లకు అడ్డుకట్ట వేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2017లో మోటార్లపై నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీచేసింది.

50 హెర్ట్జ్ సప్లై మీద పనిచేసే నాలుగు పోళ్ల మోటార్లకు పూర్తి బరువు వద్ద ఉండవలసిన దక్షతలు ఈ పట్టికలో చూడండి.

| మోటారు పరిమాణం | ఐ.ఇ.1 | ఐ.ఇ.2 | ఐ.ఇ.3 | ఐ.ఇ.4 |
|---|---|---|---|---|
| 0.75 కిలోవాట్లు (1 హెచ్.పి.) | 72.1 | 79.6 | 82.5 | 85.7 |
| 1.5 కిలోవాట్లు (2 హెచ్.పి.) | 77.2 | 82.8 | 85.3 | 88.2 |
| 7.5 కిలోవాట్లు (10 హెచ్.పి.) | 86.0 | 88.7 | 90.4 | 92.6 |
| 15 కిలోవాట్లు (20 హెచ్.పి.) | 88.7 | 90.6 | 92.1 | 93.9 |

పట్టికలో ఒక విషయం గమనించండి. ఐ.ఇ.1 నుంచి ఐ.ఇ.3కు వెళితే 15 కిలోవాట్ల మోటారులో దక్షత 3.4 పెరిగింది. 0.75 కిలోవాట్ల మోటారులో 10.4 పెరిగింది. చిన్న మోటార్లలో తేడా ఎక్కువ. చిన్నదే కదా అని వదిలేయకూడదు.

14.6 లెక్క వేసి చూద్దాం

రంగత్‌లో చేపల కోసం ఐస్ తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీ ఉందనుకుందాం. అందులో కంప్రెసర్‌ను తిప్పేది 10 హెచ్.పి. మోటారు, అంటే 7.5 కిలోవాట్లు. రోజుకు 16 గంటలు, ఏడాదికి 300 రోజులు నడుస్తుంది. మొత్తం 4,800 గంటలు. పూర్తి బరువు మీద నడుస్తోందని అనుకుందాం.

ఐ.ఇ.1 మోటారు తీసుకునేది: 7.5 ÷ 0.860 = 8.72 కిలోవాట్లు

ఐ.ఇ.3 మోటారు తీసుకునేది: 7.5 ÷ 0.904 = 8.30 కిలోవాట్లు

తేడా: 0.42 కిలోవాట్లు

ఏడాదికి ఆదా: 0.42 × 4,800 = 2,016 యూనిట్లు

యూనిట్ ధర 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 16,128 రూపాయలు మిగులుతాయి. లీటరుకు మూడున్నర యూనిట్ల చొప్పున చూస్తే విద్యుత్ కేంద్రంలో 576 లీటర్ల డీజిల్ మిగులుతుంది. 200 లీటర్ల డ్రమ్ములలో పోస్తే దాదాపు మూడు డ్రమ్ములు. ఇది ఒక్క మోటారు మిగిల్చినది.

ఇప్పుడు మరొక లెక్క. ఆ ఐ.ఇ.1 మోటారు ఏడాదికి తినే విద్యుత్తు 8.72 × 4,800 = 41,856 యూనిట్లు. అదే ధరకు 3,34,848 రూపాయలు! మోటారును ఒకసారి కొంటాం, కరెంటును మాత్రం రోజూ కొంటాం. ఎక్కువ గంటలు నడిచే మోటారు తన ఖరీదును కొద్ది నెలల కరెంటులోనే మించిపోతుంది. కాబట్టి దుకాణంలో నాలుగైదు వేలు తక్కువకు వచ్చిందని కొన్న మోటారు నిజంగా చవకైనది కాకపోవచ్చు.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 14.2

1. 15 కిలోవాట్ల మోటారు పూర్తి బరువుతో ఏడాదికి 4,000 గంటలు నడుస్తుంది. ఐ.ఇ.1కు బదులు ఐ.ఇ.3 వాడితే ఎన్ని యూనిట్లు మిగులుతాయి?
2. లీటరుకు 3.5 యూనిట్ల చొప్పున ఎంత డీజిల్ మిగులుతుంది?

14.7 మోటారు కాలిపోయిన రోజు

నడుస్తున్న మోటారును తీసి కొత్తది పెట్టేవారు తక్కువ. మోటారు మార్చే ఆలోచన సాధారణంగా అది కాలిపోయిన రోజునే వస్తుంది. ఆ రోజు ఏం జరుగుతుందో చూడండి. ఐస్ కరిగిపోతూ ఉంటుంది. చేపల పడవలు ఒడ్డుకు వస్తూ ఉంటాయి. కొత్త మోటారు పోర్ట్ బ్లెయిర్ నుంచో (2024 నుంచి దీని పేరు శ్రీ విజయపురం), చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి ఓడ మీదనో రావాలి. రివైండింగ్ చేసే మనిషి ఊళ్లోనే ఉంటాడు. యజమాని ఏం చేస్తాడు? రివైండింగ్‌కే ఇస్తాడు. ఆ తొందరలో దక్షత గురించి ఎవరూ ఆలోచించరు.

రివైండింగ్ చెడ్డ పని కాదు. శ్రద్ధగా చేస్తే దక్షత దాదాపు అలాగే నిలుస్తుంది. కానీ కాలిన చుట్టను ఊడదీయడానికి మోటారును మంట మీద పెడితే ఉక్కు రేకుల మధ్య ఉండే పలుచని పూత మాడిపోతుంది. ఇనుప నష్టం పెరుగుతుంది. ముందున్న తీగ కంటే సన్నని తీగ చుడితే రాగి నష్టం పెరుగుతుంది. ఇలా ఒక్కొక్కసారి ఒకటి రెండు శాతం దక్షత పోవచ్చు. మోటారు మళ్లీ తిరుగుతుంది కాబట్టి నష్టం ఎవరికీ కనిపించదు. బిల్లులో మాత్రం నెలనెలా కనిపిస్తుంది.

మన ఐస్ ఫ్యాక్టరీ మోటారు ఇలా రివైండింగ్‌ల వల్ల 86 నుంచి 84 శాతానికి దిగిందనుకుందాం. ఇప్పుడు అది మళ్లీ కాలిపోయింది. రివైండింగ్‌కు 9,000 రూపాయలు, కొత్త ఐ.ఇ.3 మోటారుకు 40,000 రూపాయలు అనుకుందాం. తేడా 31,000 రూపాయలు. (ఈ ధరలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి ధరలు వేసుకొని చూడండి.)

పాత మోటారు తీసుకునేది: 7.5 ÷ 0.84 = 8.93 కిలోవాట్లు

కొత్తది తీసుకునేది: 8.30 కిలోవాట్లు. తేడా 0.63 కిలోవాట్లు

ఏడాదికి 4,800 గంటలు నడిస్తే: 3,024 యూనిట్లు, అంటే 24,192 రూపాయలు

31,000 రూపాయల తేడా సుమారు 15 నెలల్లో తిరిగి వస్తుంది. ఆ తరువాత వచ్చేదంతా లాభమే.

అదే మోటారు ఒక పిండి మరలో ఏడాదికి 300 గంటలే నడుస్తుందనుకోండి. మిగిలేది 189 యూనిట్లు, 1,512 రూపాయలు. 31,000 రూపాయలు తిరిగి రావడానికి 20 ఏళ్లు పడుతుంది. అక్కడ మంచి రివైండింగే సరైన దారి.

కాబట్టి గుర్తుంచుకోవలసిన సూత్రం ఇది: దక్షతలోని తేడాను నడిచే గంటలతో హెచ్చవేసి చూడాలి. ఎక్కువ గంటలు నడిచే మోటారుకు అధిక దక్షత లాభం. అప్పుడప్పుడు నడిచేదానికి కాదు.

ఈ నిర్ణయం మోటారు కాలిన రోజున కాదు, ముందుగానే జరగాలి. మీ మిల్లులోని మోటార్ల జాబితా రాయండి. ప్రతి మోటారుకు ఎదురుగా అది నడిచే గంటలు, ఎన్నిసార్లు రివైండింగ్ అయిందో రాయండి. ఏది కాలితే కొత్తది పెట్టాలో, ఏది కాలితే చుట్టించాలో ఇప్పుడే గుర్తుపెట్టండి. ఎక్కువ గంటలు నడిచే మోటారుకు ఒక కొత్త మోటారు ముందే తెప్పించి ఉంచుకోగలిగితే ఇంకా మంచిది. ఓడ కోసం ఎదురుచూసే దీవిలో ఇది మరింత అవసరం.

14.8 మోటారు ఒక్కటే చాలదు

అధిక దక్షత మోటారు పెట్టినా బిల్లు తగ్గలేదని కొందరు అంటారు. దానికి కారణాలు ఉన్నాయి.

*(అ) వేగం పెరగడం:* పాత మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరిగితే అధిక దక్షత మోటారు 1,460 తిరగవచ్చు. రోటర్ నష్టం తగ్గితే వేగం కొంచెం పెరుగుతుంది. ఫ్యాన్లకూ చాలా పంపులకూ కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 1,440 నుంచి 1,460కి వెళితే శక్తి 4 శాతం పెరుగుతుంది. అంటే దక్షత వల్ల మిగిలినది దాదాపు అంతా వేగం తినేస్తుంది! గాలి, నీరు కాస్త ఎక్కువ వస్తాయి, కానీ అవి మనకు అక్కరలేకపోతే వృథాయే. అందుకని బెల్టుతో నడిచే ఫ్యానుకు మోటారు మీది పుల్లీని తగిన మేరకు చిన్నది చేయాలి. పంపయితే ఇంపెల్లర్ సరిచూడాలి.

*(ఆ) పెద్ద మోటారు:* 5 హెచ్.పి. చాలినచోట 10 హెచ్.పి. పెట్టడం మనకు అలవాటు. బరువు 40 శాతం కంటే తగ్గితే దక్షత, పవర్ ఫ్యాక్టర్ రెండూ పడిపోతాయి.

*(ఇ) వాల్వు నొక్కిపెట్టడం:* పంపును పూర్తి వేగంతో నడిపి, వాల్వు సగం మూసి నీటిని తగ్గించడం మంచిది కాదు. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే ఎత్తుకంటే పైపుల రాపిడే ముఖ్యమైన చోట శక్తి సుమారు 51 శాతానికి దిగుతుంది. వేగాన్ని తగ్గించే పరికరాన్ని డ్రైవ్ అంటారు. నీటి అవసరం గంటగంటకూ మారేచోట అది ఉపయోగం.

*(ఈ) సప్లై తేడాలు:* మూడు ఫేజుల వోల్టేజి సమంగా లేకపోతే ఒక శాతం తేడాకు కరెంటులో ఆరు నుంచి పది రెట్ల తేడా వస్తుంది. చుట్టలు వేడెక్కి త్వరగా కాలిపోతాయి. మూడు ఫేజుల వోల్టేజీని అప్పుడప్పుడు కొలిపించాలి.

*(ఉ) ఉప్పు గాలి, తేమ:* సముద్రతీరంలో టెర్మినళ్లు చిలుము పడతాయి. వదులైన కనెక్షన్ వేడెక్కుతుంది. ఫ్యాను మూత మీద పేరుకున్న దుమ్ము, రంపపు పొట్టు గాలిని ఆపేస్తాయి. శుభ్రం చేయడం ఖర్చులేని పని.

చేసి చూడండి

మోటారు మీద ఎంత బరువు పడుతున్నదో వేగాన్నిబట్టి ఇంచుమించుగా తెలుసుకోవచ్చు. నాలుగు పోళ్ల మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది. నేమ్ ప్లేటు మీద 1,440 అని ఉందనుకోండి. ఎలక్ట్రీషియన్ చేత టాకోమీటరుతో వేగం కొలిపించండి. 1,476 వచ్చిందనుకుందాం.

బరువు = (1,500 – 1,476) ÷ (1,500 – 1,440) = 24 ÷ 60 = 40 శాతం

ఇది మోటారు పెద్దదైందని చెప్పే గుర్తు.

*హెచ్చరిక:* తిరిగే షాఫ్టు దగ్గర వదులు బట్టలతో నిలబడవద్దు. సప్లై ఆపకుండా టెర్మినల్ పెట్టె తెరవవద్దు.

14.9 సారాంశం

- దక్షత అంటే తీసుకున్న శక్తిలో పనిగా మారిన భాగం. మిగిలినది వేడిగా పోతుంది.
- ఎక్కువ గంటలు నడిచే మోటారు ధర కంటే దాని కరెంటు ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ.
- డీజిల్‌తో విద్యుత్తు తయారయ్యే రంగత్ వంటి చోట మిగిలిన ప్రతి మూడున్నర యూనిట్లూ ఒక లీటరు డీజిల్.
- కొత్త మోటారా, రివైండింగా అన్నది నడిచే గంటలనుబట్టి, ముందుగానే నిర్ణయించుకోవాలి.
- మోటారుతోపాటు వేగం, బరువు, వాల్వు, సప్లై, శుభ్రత కూడా చూసుకోవాలి.

14.10 పాఠాంత ప్రశ్నలు

1. మోటారులోని ఐదు రకాల నష్టాలను వివరించండి.
2. మంట మీద పెట్టి చుట్టను ఊడదీస్తే దక్షత ఎందుకు తగ్గుతుంది?
3. నేమ్ ప్లేటు మీద 1,440 అని ఉన్న నాలుగు పోళ్ల మోటారు 1,470 చుట్లు తిరుగుతోంది. దాని మీద బరువు ఎంత శాతం?
4. మీకు తెలిసిన ఒక మిల్లులోనో పంపుహౌస్‌లోనో ఉన్న మూడు మోటార్ల పరిమాణం, అవి నడిచే గంటలు రాయండి. వాటిలో ఏది కాలిపోతే కొత్తది కొనమని సలహా ఇస్తారు? ఎందుకు?

14.11 పాఠ్యాంతర్గత ప్రశ్నలకు జవాబులు

14.1: (1) 88 శాతం. (2) ఇనుప నష్టం. రాపిడి, గాలి నష్టం.

14.2: (1) 15 ÷ 0.887 = 16.91, 15 ÷ 0.921 = 16.29, తేడా 0.62 కిలోవాట్లు; 0.62 × 4,000 = 2,480 యూనిట్లు. (2) సుమారు 709 లీటర్లు.

పాఠాంత ప్రశ్న 3కు జవాబు 50 శాతం. మీకు వేరే సంఖ్య వస్తే "చేసి చూడండి" భాగాన్ని మరొకసారి చదివి లెక్క తిరిగి చేయండి.